టీచరమ్మ శ్రుతి, పిల్లల శ్రుతి



ముందుగా కాసేపు శ్రుతిపెట్టె పెడుతున్నాను, వినండి.

(శ్రుతి: ఐదు. పది సెకన్లు.)

ఇది ఐదు శ్రుతి. మన దగ్గర సంగీతం నేర్చుకున్న ఆడవాళ్ళలో చాలామంది పాడేది ఇక్కడే. ఐదు, కాకపోతే ఐదున్నర. నలభై ఏళ్ళుగా నా గొంతుకి ఇదే ఇల్లు. ఈ ఇంట్లోకి మూడేళ్ళ పిల్ల రాలేదని తెలుసుకోవడానికి మాత్రం నాకు చాలాకాలం పట్టింది. ఈ పూట చెప్పబోయేది ఆ సంగతే. అంగన్‌వాడీ టీచరు, ఆయా, ప్రైవేటు బడిలో నర్సరీ మిస్సు, సాయంత్రంపూట ఇంట్లో పదిమంది పిల్లల్ని కూర్చోబెట్టుకునే పాటల టీచరు, వీళ్ళంతా ఆరేళ్ళ లోపు పిల్లలకి పాట చెబుతారు. మరి వీళ్ళకి ఏం నేర్పాలి?

నేను విజయనగరం సంగీత కళాశాలలో చదువుకున్నాను. 1919లో పెట్టిన కళాశాల అది. మొదటి ప్రిన్సిపాలు ఆదిభట్ల నారాయణదాసు గారు. అంతటి గడప తొక్కి వచ్చానన్న ధీమా నాకు ఉండేది. అంగన్‌వాడీ టీచర్లకి రెండు రోజులు పాటలు నేర్పాలని పిలిచినప్పుడు, ఇందులో ఏముంది అనుకుంటూ వెళ్ళాను. ముప్పైమంది దాకా వచ్చారు. శ్రుతిపెట్టె ఐదులో పెట్టాను. నాలుగు పాటలు నేర్పాను. బుద్ధిగా నేర్చుకున్నారు. మర్నాడు దగ్గర్లోని ఒక సెంటరుకి వెళ్ళి అవే పాటలు పిల్లల చేత పాడిద్దామని కూర్చున్నాం. పిల్లలు పాడలేదు, గొణిగారు. ఒకే స్వరం మీద, చదువు అప్పజెప్పినట్టు. "గట్టిగా పాడండర్రా" అన్నాను. గట్టిగానే అరిచారు. ఈ పిల్లలకి శ్రుతిజ్ఞానం లేదు, ఇంట్లో సంగీతం లేకపోతే ఇంతే అనుకుని బస్సెక్కాను. నా కంటే తెలివితక్కువ మనిషి ఆ బస్సులో లేదు.

లెక్క చూడండి. ఐదు శ్రుతిలో ఆడగొంతు ఆధార షడ్జం సెకనుకి 196 కంపనాలు. మూడు నుంచి ఐదేళ్ళ పిల్లకి గొంతు సుఖంగా పలికే మేర సుమారు 290 దగ్గర మొదలై 440 దాకా ఉంటుంది. కొందరికి ఇంకో మెట్టు పైకి. అంటే నా పంచమం దగ్గర ఆ పిల్ల మొదలవుతుంది, నా పై రిషభం దగ్గర ఆగుతుంది. స నుంచి ప దాకా నేను హాయిగా తిరిగే కింది అంతస్తు మొత్తం ఆ పిల్లకి నేలమాళిగ. అక్కడ దాని గొంతు పలకదు. పలకని చోట పాడమంటే ఏ పిల్లయినా చేసేది రెండే పనులు. గొణుగుతుంది, లేదా అరుస్తుంది. రెండూ విన్నాను. రెండింటికీ వాళ్ళనే తప్పుపట్టాను.

ఇప్పుడు శ్రుతి మారుస్తున్నాను.

(శ్రుతి: ఒకటి. ఆ షడ్జం మీద చిన్న కూనిరాగం.)

ఒకటి శ్రుతి. మగవాళ్ళు పాడే ఒకటి కాదు, దాని పై స్థాయి. నా ఐదు శ్రుతిలో మధ్యమం ఎక్కడుందో అక్కడ ఇప్పుడు షడ్జం పెట్టాను. పిల్లకి ఇది అందుతుంది. రెండు శ్రుతి పెడితే మరీ సుఖం. సంగీతం తెలిసిన శ్రోతలకి ఈపాటికి ఒక మాట గుర్తుకొచ్చి ఉంటుంది. మధ్యమాన్నే షడ్జం చేసుకుని పాడడాన్ని మనవాళ్ళు మధ్యమ శ్రుతి అంటారు. నవరోజు, కురంజి, పున్నాగవరాళి, నాదనామక్రియ లాంటి రాగాలు ఎక్కువ ఎత్తుకి పోవు, తక్కువ మెట్లలో తిరుగుతాయి కాబట్టి వాటిని మధ్యమ శ్రుతిలో పాడడం మన అలవాటు. వాటిలో జోల పాడే రాగాలు ఉన్నాయి. పాత పాటలు ఉన్నాయి. చంటిపిల్లకి అందే చోటు మన సంప్రదాయానికి ముందే తెలుసు. తెలియనిది డిప్లొమా పుచ్చుకున్న నాకు. మధ్యమ శ్రుతి పాఠం నాకు పరీక్షలో వచ్చింది, రాశాను, మార్కులు కూడా వచ్చాయి.

కాబట్టి పసిపిల్లల టీచరుకి ఇచ్చే శిక్షణలో మొదటి పాఠం పాట కాదు, పాట ఎక్కడ ఎత్తుకోవాలి అన్నది. హంగరీ దేశంలో ఈ పాఠం ఎంత పట్టుగా చెబుతారంటే, అక్కడ కిండర్‌గార్టెన్ టీచరు చేతిలో ట్యూనింగ్ ఫోర్కు ఉండడం మామూలు విషయం. చిన్న ఉక్కు కవ్వం లాంటిది. మోకాలికి తాటించి చెవి దగ్గర పెట్టుకుంటే 440 కంపనాల స్వరం పలుకుతుంది. దాన్నుంచి లెక్కపెట్టుకుని, తనకి తోచిన చోట కాక పిల్లలకి అందే చోట పాట ఎత్తుకుంటుంది. మన టీచర్ల ఫోన్లలో శ్రుతి యాప్ ఉంటే చాలు. ఉక్కు ముక్క కొనక్కర్లేదు.

హంగరీ పేరు ఎత్తాను కాబట్టి రెండు మాటలు. ఆ దేశంలో మొదటి శిశుపాఠశాలని 1828లో బుడా పట్టణంలో తెరెజ్ బ్రున్స్‌విక్ అనే ఆవిడ పెట్టింది. దానికి దేవదూతల తోట అని అర్థం వచ్చే పేరు. ఈవిడ బీథోవెన్ దగ్గర పియానో నేర్చుకున్న మనిషి. ఆయన తన సొనాటాల్లో ఒకదాన్ని ఈవిడకి అంకితం చేశాడు కూడా. పసిపిల్లల బడి, సంగీతం అక్కడ ఒకే గుమ్మంలోంచి లోపలికి వచ్చాయన్నమాట. తరవాత దాదాపు వందేళ్ళకి జోల్తాన్ కొడాయ్ ఈ పనిలోకి వచ్చాడు. 1882లో పుట్టి 1967లో పోయాడు. బేలా బార్తోక్‌తో కలిసి ఇరవయ్యో శతాబ్దం తొలి సంవత్సరాల్లోనే ఎడిసన్ ఫోనోగ్రాఫు పట్టుకుని ఊరూరా తిరిగి, రైతుల నోటిపాటలు మైనపు గొట్టాల మీదకి ఎక్కించినవాడు. పెద్ద స్వరకర్త. అంత పేరున్న మనిషి 1941లో కూర్చుని కిండర్‌గార్టెన్‌లో సంగీతం గురించి ఒక వ్యాసం రాశాడు. బళ్ళలో పిల్లల చేత పాడిస్తున్న అతుకుల పాటల్ని, చౌకబారు పాటల్ని దులిపి ఆరేశాడు. పిల్లలు తల్లిభాష నేర్చినట్టే తల్లిపాట నేర్వాలని ఆయన పట్టు.

అయితే నాకు కొడాయ్ కంటే ఆయన శిష్యురాలు కటాలిన్ ఫొర్రాయ్ అంటే ఎక్కువ ఇష్టం. 1926లో పుట్టి 2004లో పోయిందావిడ. కొడాయ్ చెప్పిన మాటల్ని మూడేళ్ళ పిల్లల గదిలోకి తీసుకెళ్ళింది ఈవిడే. ఏ వయసుకి ఎన్ని స్వరాల పాట, ఎంత నడక, ఎంతసేపు, టీచరు ఎప్పుడు పాడాలి, ఎప్పుడు ఊరుకోవాలి, అన్నీ టీచర్లకి పనికొచ్చేలా పుస్తకం రాసింది. 1988లో అది ఇంగ్లీషులోకి వెళ్ళింది. అదే ఏడాది అంతర్జాతీయ సంగీత విద్యా సంఘానికి ఆవిడ అధ్యక్షురాలైంది. చంటిపిల్లల టీచర్లకి పాఠం చెప్పుకునే మనిషికి ప్రపంచ సంగీత గురువులంతా ఆ పీట వేయడం మామూలు సంగతి కాదు. హంగరీలో ఇప్పటికీ కిండర్‌గార్టెన్ టీచరు చదువులో చేరాలంటే పాట పాడించి చూస్తారు. గాయనిని ఎంచుకోవడానికి కాదు. శ్రుతి విని పట్టుకోగలదా లేదా అని.

మన దగ్గర అలా పరీక్ష పెడితే ఏమవుతుందో నాకు తెలుసు. శిక్షణకి వచ్చినవాళ్ళలో సగంమంది మొదటి మాటే అది: "నాకు గొంతు లేదు మేడమ్." చిన్నప్పుడు ఎవరో అన్నారు. బళ్ళో ప్రార్థనకి నిలబెట్టి, నువ్వు పెదాలు కదుపు చాలు అన్నారు. ఆ మాట ముప్పై ఏళ్ళుగా గొంతుకి అడ్డంపడి ఉంది. వీళ్ళకి సరళి వరుసలు మొదలుపెడితే తలుపు ఇంకా గట్టిగా బిగుసుకుంటుంది.

అందుకని ఇప్పుడు నేను పాట అడగను. "అమ్మా, మీ పిల్ల నాలుగిళ్ళ అవతల ఆడుకుంటోంది. అన్నానికి పిలవండి" అంటాను. మొదట నవ్వుతారు. ఒకావిడ లేచి పిలుస్తుంది.

(పిలుపు: "లక్ష్మీ...!" మొదటి అక్షరం మీద పంచమం, రెండోదాని మీద గాంధారం.)

విన్నారా? మొదటి అక్షరం పైన, రెండోది మూడు అరమెట్ల కింద. మన స్వరాల్లో చెబితే పంచమం, అంతర గాంధారం. ప గ. ఎవరూ నేర్పలేదు. పిల్లని పిలిచే తల్లి, వీధిలో నేస్తాన్ని పిలిచే కుర్రాడు, చాలా దేశాల్లో ఇలాగే పిలుస్తారు. కొడాయ్ పద్ధతిలో చిన్నపిల్లల మొదటి పాటలు ఈ రెండు స్వరాల మీదే నడుస్తాయి. "గొంతు లేదు మేడమ్" అన్నావిడ శ్రుతి తప్పకుండా ప గ పాడేసింది. అదీ పిల్లలకి అందే ఎత్తులో. దూరానికి వినపడాలని పిలిచినప్పుడు గొంతు తనంతట తనే పైకి వెళుతుంది కదా. ఆ తరవాత అదే పిలుపు మీద పిల్లల పేర్లన్నీ వరసగా పిలవమంటాను. హాజరు పట్టీ పాటైపోతుంది. టీచరు పిలుస్తుంది, పిల్ల అదే బాణీలో పలుకుతుంది. రోజూ జరిగే పనే కాబట్టి దీనికి వేరే పీరియడు అక్కర్లేదు.

ఇక్కడ మా సంప్రదాయం వాళ్ళకి కోపం రావచ్చు. మనం సంగీతం మాయామాళవగౌళతో మొదలుపెడతాం. పురందరదాసు వేసిన దారి అంటారు. ఏడెనిమిదేళ్ళ పిల్లకి అది మంచి దారే, నేనూ అలాగే నేర్చుకున్నాను, అలాగే నేర్పాను. కానీ అందులో స పక్కనే శుద్ధ రిషభం, ప పక్కనే శుద్ధ ధైవతం. అరమెట్టు దూరం. మూడేళ్ళ గొంతుకి ఆ అరమెట్టు నిలవదు, జారిపోతుంది. అరమెట్లు లేని ఐదు స్వరాలైతే పిల్ల ఎక్కడ అడుగేసినా పడిపోదు. స రి గ ప ద. హంగరీ పాత పల్లెపాటల్లో ఐదు స్వరాలవే ఎక్కువ. కొడాయ్ పద్ధతిలో ఆ రెండు స్వరాల తరవాత చిన్నపిల్లలకి ఇచ్చేది ఈ ఐదే. మనం దాన్ని మోహనం అంటాం. నర్సరీ దాకా మోహనంలో ఆడుకోనివ్వండి, మాయామాళవగౌళ ఎక్కడికీ పారిపోదు.

పాటల కోసం వెతుక్కోనక్కర్లేదు కూడా. చెమ్మచెక్క, ఒప్పులకుప్ప, కాళ్ళాగజ్జా, తారంగం. ఇవన్నీ ఆటలు, అంటే పాటలు. మూడు నాలుగు స్వరాలు దాటవు. ఆటలో చేతికో కాలికో పని ఉంటుంది. శిక్షణకి వచ్చే ప్రతి టీచరునీ నేను అడిగేది, మీ అమ్మమ్మ ఊరి ఆటపాట ఒకటి తీసుకురమ్మని. శ్రీకాకుళం వైపు పాడేది ఒకటి, కోనసీమలో పాడేది ఇంకొకటి. ఒకే ఆటకి రెండు బాణీలు. అలా ముప్పైమంది కూర్చుంటే సాయంత్రానికి ముప్పై పాటలు. మూడువంతులు పిల్లల గొంతుకి సరిపోయేవే. సినిమా పాటతో నాకు వైరం లేదు, వంట చేసుకుంటూ పాడుకుంటాను. కానీ అది ఒకటిన్నర స్థాయి తిరిగొచ్చే పాట. నాలుగేళ్ళవాడికి అందదు. వార్షికోత్సవంలో వెనక రికార్డు మోగుతుంటే వాడు చేతులు తిప్పుతాడు. తల్లిదండ్రులు ఫోన్లు పైకెత్తి పట్టుకుంటారు. ఆ ముందు నెలంతా సాధన పేరుతో ఆ రికార్డే మోగుతుంది. వాడు ఒక్క స్వరం పాడడు.

ఇక అసలు కష్టమైన పాఠం. పాడడం కాదు, ఊరుకోవడం.

ఒకసారి నేను పిల్లలతో పాడిన పాటని ఫోనులో రికార్డు చేసుకుని రాత్రి విన్నాను. నా గొంతే. మొదటినుంచి చివరిదాకా నేనే. మధ్యమధ్యలో ఎక్కడో ఒక పిల్ల నేను ఆపిన ముక్కని అందుకోబోయింది. దాన్ని తొక్కేసి నేను తరవాత చరణం ఎత్తుకున్నాను. అప్పుడు గదిలో కూర్చుని నేను ఆ పిల్లని వినలేదు. ఫోను విన్నది. మర్నాటి నుంచి శిక్షణలో ప్రతివాళ్ళ చేతా ఈ పని చేయిస్తున్నాను. నీ పాఠం నువ్వు రికార్డు చేసుకో. ఇంటికెళ్ళి విను. పిల్లలకి నువ్వు వదిలిన ఖాళీ ఎంతో లెక్కపెట్టు. చాలామంది మొదటిసారి విని సిగ్గుపడతారు. ఒకావిడ ఏడ్చింది కూడా. ఆ సిగ్గు పుడితే సగం శిక్షణ అయినట్టే.

మూడేళ్ళ పిల్ల వినీ వినగానే పాడదు. వింటుంది, చూస్తుంది. బళ్ళో నోరు విప్పదు. ఇంటికెళ్ళి తొట్టెలో నీళ్ళు పోసుకుంటూ పాట మొత్తం పాడేస్తుంది. తల్లి చెబితే తప్ప టీచరుకి తెలియదు. కాబట్టి పాడనిదాన్ని లేపి నిలబెట్టి పాడించకూడదు. ఇది టీచరుకి నేర్పాలి. ఎప్పుడో ఒకరోజు ఆ పిల్ల ఒక స్వరం పలుకుతుంది. అది టీచరు స్వరం కాకపోవచ్చు. అప్పుడు "అలా కాదు, ఇలా" అనకూడదు. టీచరే ఆ పిల్ల స్వరం మీదకి వెళ్ళి నిలబడాలి. కాసేపు ఇద్దరూ ఒకే స్వరంలో ఉన్నాక, అక్కడినుంచి ఒక్కో మెట్టు తనతో తీసుకురావాలి. నడక నేర్పేటప్పుడు మనం వంగి చిటికెనవేలు అందించమూ? నిటారుగా నిలబడి అందుకోమంటామా? ఇంతే సంగతి. కానీ ఇది చేయాలంటే పిల్ల పలికిన స్వరం ఏదో టీచరు చెవికి తెలియాలి. ఆ చెవి మూడు రోజుల్లో రాదు.

మూడు రోజులని ఎందుకన్నానంటే, అంగన్‌వాడీ టీచర్లకి ఈమధ్య 'పోషణ్ భీ పఢాయీ భీ' అనే కార్యక్రమం కింద ఇస్తున్న శిక్షణ మూడు రోజులే. ఆ మూడు రోజుల్లో తిండి, ఆట, చదువు, ఎదుగుదల అన్నీ చెప్పాలి. పాటకి ఎంత దక్కుతుందో మీరే ఊహించుకోండి. 2020 జాతీయ విద్యావిధానం ఇంకాస్త పెద్ద మాటే అన్నది. ఇంటరు చదివిన అంగన్‌వాడీ టీచర్లకి 6 నెలల సర్టిఫికెట్ కోర్సు, అంతకు తక్కువ చదివినవాళ్ళకి ఏడాది డిప్లొమా. వాటిని టీవీ ద్వారా, స్మార్ట్‌ఫోన్ ద్వారా కూడా నడపొచ్చని రాశారు. మంచిదే. కానీ టీవీ మాట్లాడుతుంది, వినదు. టీచరు శ్రుతి తప్పితే దానికి తెలియదు. ఈ మాట రేడియోలో కూర్చుని చెబుతున్నానని నాకూ తెలుసు. మీరిప్పుడు నాతోబాటు పాడినా నాకు వినపడదు.

అన్నట్టు, రేడియోకి ఈ పనిలో పాత చుట్టరికం ఉంది. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతుల్ని తెలుగువాళ్ళు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అనే పిలిచారు. మద్రాసు కేంద్రంనుంచి పిల్లల కార్యక్రమాలు నడిపి, 1940లో ఆంధ్ర బాలానంద సంఘం పెట్టారు. వాళ్ళు పిల్లలకి వినిపించడంతో సరిపెట్టలేదు. పిల్లల్నే స్టూడియోకి తెచ్చి మైకు ముందు కూర్చోబెట్టారు. పెద్దల గొంతు తగ్గించి పిల్లల గొంతు వినాలన్న ఆలోచన ఈ గదుల్లో ఎనభై ఏళ్ళ కిందటే ఉంది. ఆ రోజుల్లోనే, 1939లో, మద్రాసు అడయారులో మరియా మాంటిస్సోరి వచ్చి టీచర్లకి శిక్షణ ఇచ్చారు. ఆవిడ పద్ధతిలో గంటల జతలు ఉంటాయి. గంటలన్నీ ఆకారంలో ఒకటే, జతలో రెండింటి పలుకూ ఒకటే. వాటిని కలగాపులగం చేసి పెడితే పిల్ల ఒక్కొక్కటీ మోగించి, చెవితో విని, జత కలపాలి. పాఠమంతా గంటలే చెబుతాయి. టీచరు నోరు కట్టుకుని కూర్చోవాలి. నాబోటి వాగుడుకాయకి అంతకన్నా కఠినమైన తపస్సు లేదు.

తాళం సంగతి చెప్పకుండా లేవలేను. 2005లో ఎరిన్ హానన్, సాండ్రా ట్రెహబ్ అనే ఇద్దరు పరిశోధకులు ఉత్తర అమెరికాలోని పసిపిల్లల మీద ఒక పని చేశారు. వాళ్ళ ఇళ్ళలో వినపడే సంగీతమంతా సమమైన నడకదే. బాల్కన్ దేశాల పాటల్లో మన మిశ్రచాపులాగా ఏడేసి అక్షరాల నడక ఉంటుంది. ఆరు నెలల పిల్లలకి ఆ రెండు నడకలూ ఒకటే. దేంట్లో లయ తప్పినా పట్టేశారు. పన్నెండు నెలల పిల్లలు మాత్రం తమ ఇంటి నడకలో తప్పే పట్టారు, ఏడు నడకలో పట్టలేకపోయారు. ఆ ఆరు నెలల్లో చెవి ఒక తలుపు మూసేసింది. అయితే ఇంట్లో రెండు వారాలపాటు బాల్కన్ సంగీతం వినిపిస్తే ఏడాది పిల్లలకి ఆ పట్టు తిరిగొచ్చింది. పెద్దవాళ్ళకి అంత సులువుగా రాలేదు.

ఇది చదివిన రోజు నాకు నిద్రపట్టలేదు. మన జానపదంలో ఏడు నడక కొల్లలు. తకిట తకధిమి. ఐదు నడక ఉంది. తక తకిట. ఇప్పుడు చంటిపిల్ల ముందు పెట్టే ఫోనులో మోగే రైమ్స్ చాలావరకు నాలుగు నడకే. అదేమీ పాపం కాదు. కానీ అది ఒక్కటే వింటే ఏడాది తిరిగేసరికి మన ఏడు ఆ పిల్లకి పరాయిదవుతుంది. ఆ 2005లోనే వచ్చిన ఇంకో పరిశోధన కూడా ఇక్కడ చెప్పాలి. ఏడు నెలల పిల్లలకి ఒక లయ వినిపిస్తూ, కొందరిని రెండు దెబ్బలకోసారి, కొందరిని మూడు దెబ్బలకోసారి ఎగరేశారు. అందరూ విన్నది ఒకటే. తరవాత ఎవరిని ఎలా ఎగరేశారో ఆ లెక్కలో పలికే లయనే వాళ్ళు ఇష్టంగా విన్నారు. అంటే నడక పిల్లకి చెవితోనే కాదు, ఒంటితోనూ ఎక్కుతుంది. ఫోను ఎగరేయలేదు. కాళ్ళమీద కూర్చోబెట్టుకుని ఊపే మనిషి కావాలి. అంగన్‌వాడీకి బాలింతలు వస్తారు, గర్భిణులు వస్తారు. గుడ్లకీ పాలకీ వచ్చిన ఆ తల్లుల్ని పది నిమిషాలు కూర్చోబెట్టి, ఒళ్ళో పిల్లని ఏడు నడకలో ఊపడం చెప్పగలిగేది ఆ టీచరు ఒక్కతే. ఆ వయసు పిల్ల దగ్గరికి వెళ్ళే దారి ఏ సంగీత కళాశాలకీ లేదు.

ప్రైవేటు బళ్ళవాళ్ళు, తల్లిదండ్రులు నన్ను తరచూ అడిగే ప్రశ్న వేరు. సంగీతం నేర్పితే లెక్కలు బాగా వస్తాయా? మోజార్ట్ వింటే తెలివి పెరుగుతుందట కదా? 1993లో కాలేజీ విద్యార్థులకి పది నిమిషాలు మోజార్ట్ వినిపించి ఒకరకం పరీక్ష పెడితే కాస్త బాగా చేశారు. ఆ ప్రభావం పావుగంటలోపే పోయింది. పసిపిల్లలు ఆ ప్రయోగంలో లేనే లేరు. అయినా 1998లో అమెరికాలోని జార్జియా రాష్ట్ర గవర్నరు, పుట్టిన ప్రతి బిడ్డకీ శాస్త్రీయ సంగీతం రికార్డు ఇవ్వడానికి బడ్జెట్ పెట్టాడు. తెలివి కోసం పాట అమ్మడం ఎక్కడైనా ఉన్న వ్యాపారమే. టీచరు శిక్షణలో ఈ మాట కూడా ఉండాలి: ఎవరైనా అడిగితే, లెక్కలు లెక్కలు నేర్పితే వస్తాయి, పాట పాట నేర్పితే వస్తుంది అని చెప్పగలగాలి. ఫీజు తగ్గుతుందని యజమాని ఊరుకోకపోవచ్చు, అది వేరే సంగతి.

మరి చేయగలిగింది ఏమిటంటే, అంగన్‌వాడీ టీచర్లకి నెలనెలా సెక్టార్ మీటింగు ఉంటుంది. సూపర్‌వైజరు, పాతికమంది టీచర్లు. రిజిస్టర్లు, బరువులు, ట్రాకర్ యాప్‌లో ఎక్కని పేర్లు. ఆ మీటింగులో నేను అడిగి తీసుకున్నది అరగంట. ఏడాదికి పన్నెండు అరగంటలు. కొత్త పాట ఏమీ నేర్పను. ఒకరు తన సెంటరులో రికార్డు చేసిన రెండు నిమిషాలు వినిపిస్తారు. మిగతావాళ్ళు మూడు విషయాలు చెబుతారు. పాట ఎంత ఎత్తులో మొదలైంది, పిల్లలకి ఖాళీ దొరికిందా, టీచరుది కాకుండా పిల్లకి సొంతంగా వచ్చిన స్వరం ఏదైనా వినపడిందా. మెచ్చుకోళ్ళు లేవు, తిట్లు లేవు. మొదటి రెండు నెలలు ఎవరూ రికార్డు తేలేదు. "నెట్‌వర్క్ లేదు మేడమ్" అన్నారు. రికార్డు చేసుకోవడానికి నెట్‌వర్క్‌తో ఏం పని అని నేనూ అడగలేదు. మూడో నెల ఒకావిడ తెచ్చింది. ఆ తరవాత వరస తప్పలేదు.

మొన్న సంక్రాంతి వెళ్ళాక జరిగిన మీటింగులో ఒకావిడ రికార్డు వినిపించింది. పాట ఎత్తుకోవడమే కింద ఎత్తుకుంది, అలవాటు కొద్దీ, ఐదు దగ్గర. పిల్లలు ఎప్పటిలాగే గొణిగారు. ఇంతలో ఒక పిల్ల గొంతు, నాలుగేళ్ళు కూడా ఉండవు, "కాదు టీచర్" అంది. ఒక్క క్షణం నిశ్శబ్దం. ఆ పిల్లే పాట మొదలుపెట్టింది, పైన, ఒకటి శ్రుతిలో, ఇంచుమించు సరిగ్గా. టీచరు ఆ శ్రుతిలోకి వెళ్ళి కలిసింది. తరవాత అందరూ కలిశారు.

ఆవిడ తన పుస్తకంలో ఆ రోజు తేదీ వేసి రాసుకుంది. చూపించమంటే చూపించింది. హాజరు 17. గుడ్లు 17. పాట కింద ఎత్తుకున్నాను, చిన్నపాప సరిచేసింది.